తాళం చెవిలో దాచిన తాళం చెవి

మొన్న తాడేపల్లిగూడెంలో ఒక పెళ్ళిలో, పక్క కుర్చీలో కూర్చున్నాయన తన కొత్త కారు గురించి అరగంట చెప్పాడు. పైకప్పు అద్దం దానంతటదే తెరుచుకుంటుందట, సీటు చల్లగాలి విసురుతుందట, నోటితో చెబితే పాట పెడుతుందట. అన్నీ విని, "బ్యాటరీ ఎక్కడుందండీ?" అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "బానెట్‌లో ఉంటుంది కదండీ" అన్నాడు. ఉండదని నాకు తెలుసు. ఆ మోడల్‌కి వెనకాల డిక్కీ అడుగున ఉంటుంది. ఆ మాట చెబితే, "ఎక్కడుంటే ఏవుందిలెండి, దాంతో మనకేం పని?" అని నవ్వేశాడు.

నాకు ఒళ్ళు మండింది. పాపం, ఆయన మీద కాదు. ఆ మాట ఆయన సొంతం కాదు, కారు అమ్మినవాళ్ళు నేర్పి పంపిన మాట. ఉద్యోగంలో ఉండగా నేనూ ఆ మాట ఎంతోమందికి నేర్పి పంపాను. అందులో ఒక మనిషి ఏడాది పంట ఆ మాట వల్ల పోయింది. ఇప్పుడు షోరూముల్లో, సర్వీస్ సెంటర్లలో పనిచేస్తున్న మీరు నా కోపాన్ని కాస్త ఓపిగ్గా చదవండి. ఇందులో సగం నా మీద నాకున్న కోపమే.

నేను బ్యాటరీల మనిషిని. గూడెంలో చిన్న బ్యాటరీ షాపుతో బతుకు మొదలుపెట్టాను. యాసిడ్ చుక్కలు పడి నా చొక్కాలన్నీ జల్లెడల్లాగే ఉండేవి. నీళ్ళు పోసే పని లేని సీలు బ్యాటరీలు వచ్చాక షాపు పలచబడింది. అప్పుడు ఏలూరులో ఒక కార్ల కంపెనీ సర్వీస్ సెంటర్లో ఎలక్ట్రీషియన్‌గా చేరాను. నడుం వంగడం కష్టమయ్యాక చివరి ఆరేళ్ళు నన్ను సర్వీస్ అడ్వైజర్ని చేశారు. అంటే చేతిలో పానా లాగేసుకుని మెడలో ట్యాగు వేశారన్నమాట. కస్టమరు చెప్పింది రాసుకోవడం, కంపెనీ చెప్పమన్నది చెప్పడం. ఆ రెండో పనే నా కొంప ముంచింది.

పాత కార్లకి బానెట్ ఎత్తగానే బ్యాటరీ ఎదురుగా కనబడేది. రెండు నట్లు విప్పితే చేతిలోకి వచ్చేది. ఇప్పుడు కొన్నింటికి సీటు కింద, కొన్నింటికి డిక్కీలో కార్పెట్ ఎత్తితే స్టెప్నీ పక్కన, నల్ల ప్లాస్టిక్ మూత కింద. ఎందుకలా పెట్టారో నాకు తెలుసు. ఇంజను వేడి తగలదు, బరువు ముందూ వెనకా సర్దుకుంటుంది. కాదనను, పెట్టుకోండి. కానీ పెట్టిన చోటు కొన్న మనిషికి చెప్పాలా వద్దా? చెప్పకపోగా డిక్కీకి తాళం వేసే రంధ్రం తీసేసి కరెంటు మీట పెట్టారు. బ్యాటరీ చచ్చిపోతే డిక్కీ తెరుచుకోదు. డిక్కీ తెరుచుకుంటే తప్ప బ్యాటరీ అందదు. ఇది గీసిన మహానుభావుడెవరో ఒక్కసారి మా కొల్లేరు గట్టు మీద వానలో నిలబడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రైతుది గణపవరం అవతల, కొల్లేరు వైపు. చేపల చెరువు చేస్తాడు. గూడెం షాపు రోజుల నుంచీ నాకు తెలుసు. జనరేటర్ బ్యాటరీని గోనెసంచిలో చుట్టి మోటార్ సైకిల్ మీద తెచ్చేవాడు. ఛార్జింగ్ అయ్యేదాకా నా బల్ల మీద కూర్చుని చెరువు కబుర్లు చెప్పేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. నేనేం చెప్పినా "అలాగేనండి" అనడమే తప్ప ఎదురు ప్రశ్న వేసి ఎరగడు. నేను ఏలూరు వచ్చేశాక కూడా బ్యాటరీ కొనాలంటే నాకే ఫోన్ చేసేవాడు. పాత కారు తీసేసి కొత్తది కొనాలనుకున్నప్పుడూ నన్నే అడిగాడు. మా కంపెనీదే కొనమన్నాను.

భార్యాభర్తలిద్దరూ వచ్చి చూసుకున్నారు. మేత బస్తాలూ వలలూ పట్టాలి కాబట్టి పెద్ద డిక్కీ ఉన్నది కావాలన్నారు. ఆవిడ ఆ డిక్కీ మూత చుట్టూ చెయ్యి పెట్టి తడిమి, "తాళం పెట్టే చోటు లేదేవండీ?" అని అడిగింది. మా సేల్స్ ఆయన మీట నొక్కి, మూత దానంతటదే లేవడం చూపించాడు. లేచిన మూతను చూసి ఆయన మురిసిపోయాడు. ఆవిడ అడిగిన దానికి మాత్రం మాలో ఎవరమూ జవాబు చెప్పలేదు.

కారు ఇచ్చే రోజు సంగతి మీకు చెప్పక్కర్లేదు, మీ షోరూముల్లోనూ ఇదే తంతు. మా వైపు మంచి రోజు చూసుకోకుండా కారు గేటు దాటదు. ఉగాది వెళ్ళిన వారంలో ఒక మంచి రోజు పడింది. పదకొండున్నరకి వర్జ్యం వస్తుంది. ఆ లోపల తొమ్మిది కార్లు బయటికి వెళ్ళాలి. ఒక్కో కారు దగ్గర గంటసేపు నిలబడి అన్నీ చూపించాలని కంపెనీ రూలు. నలభై పైచిలుకు గళ్ళతో ఒక కాగితం ఉంటుంది. ఒక్కొక్కటీ చూపించి, టిక్కు పెట్టి, కింద నేను సంతకం చేసి, కొన్నవాళ్ళ చేత చేయించాలి. తొమ్మిది కార్లకి తొమ్మిది గంటలు. మాకున్నది గంటన్నర. అందులోనే పంతులుగారు, కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు, కారు మీద కప్పిన పట్టుగుడ్డ లాగడం, కేకు, ఫోటో. ఫోటో మాత్రం బాగా రావాలని మా మేనేజరు ప్రాణం తీసేవాడు, అది పైవాళ్ళకి పంపాలి కాబట్టి.

అందుకని మేం కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, టిక్కులన్నీ ముందు రోజు సాయంత్రమే పెట్టేసుకోవడం. టీ తాగుతూ, కబుర్లాడుకుంటూ తొమ్మిది కాగితాలకీ వరసగా టిక్కులు కొట్టుకుంటూ పోయేవాణ్ణి. 'బ్యాటరీ పనిచేయనప్పుడు కారు తెరిచే పద్ధతి చూపించాం' అని ఒక గడి ఉండేది. దానికీ టిక్కే.

ఆ రోజు హడావుడిలో ఆయన నా పక్కకి వచ్చి అడిగాడు.

"ఏవండీ, బ్యాటరీ ఎక్కడుందండీ? బానెట్ ఎత్తితే కనబడలేదు."

"వెనకాల ఉందండి. దాంతో మీకు పనుండదు. ఏదైనా అయితే నాకు ఫోన్ చేయండి."

"అలాగేనండి" అని, పెన్ను తీసుకుని నేను చూపించిన చోట సంతకం పెట్టాడు. వర్జ్యానికి ఏడు నిమిషాల ముందు కారు గేటు దాటింది. మా మేనేజరు నా భుజం తట్టాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. మూడు రోజులు సూర్యుడి మొహం కనబడలేదు. చేపల చెరువుకి అంతకంటే గండం లేదు. ఎండ లేకపోతే నీటిలో గాలి తగ్గిపోతుంది. తెల్లవారేసరికి ఊపిరాడక చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. అప్పుడు ఏరేటర్లు, అంటే నీళ్ళను చిలికే కరెంటు చక్రాలు, తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి. జనరేటర్ కదలాలంటే బ్యాటరీ కావాలి. ఆ చెరువులో శీలావతి, బొచ్చె చేపలు బాగా ఎదిగాయి. వల వేసి చేపను లారీ ఎక్కించే పట్టుబడికి ఇంకా పది రోజులే ఉంది. ఆ ఇంటికి ఆ ఏడాదికి ఉన్న ఆధారం ఆ చెరువొక్కటే.

ఆయన మూడు రోజులుగా గట్టు మీద షెడ్డులోనే ఉంటున్నాడు. జనరేటర్ బ్యాటరీ నీరసంగా ఉందని ముందే కనిపెట్టాడు, అజాగ్రత్త మనిషి కాదు. దాన్ని విప్పి కారు డిక్కీలో పెట్టుకుని గణపవరం తీసుకెళ్ళి ఛార్జింగ్ చేయించి సాయంత్రానికి తెచ్చాడు. అప్పటికి కుండపోత వాన. కరెంటు ఉంది, చక్రాలు తిరుగుతున్నాయి. వాన కాస్త తెరిపి ఇచ్చాక, పొద్దున్నే బిగిద్దాంలే అని డిక్కీలోనే ఉంచాడు.

గట్టు మీద కారు వాడే పద్ధతి వేరు. అక్కడ కారంటే ఒక గది. ఫోను ఛార్జింగ్ అందులోనే, రేడియో వార్తలు అందులోనే, తడిసిన బట్ట మార్చుకోవడం అందులోనే, ఇంజను ఆపేసి లైటు వేసుకుని వల కుట్టుకోవడం కూడా అందులోనే. పాత కారులో ఆయన ఏళ్ళ తరబడి అలాగే చేశాడు, అది ఓర్చుకుంది. ఈ కారు సుకుమారం. పైగా ఆయన కారు తాళాన్ని, అంటే బటన్లున్న నల్ల రిమోట్‌ని, షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించేవాడు. గోడకి అవతల కారు. తాళం అంత దగ్గరగా ఉన్నంతసేపూ ఆ కారు దాని సిగ్నల్ కోసం ఒక చెవి తెరుచుకునే ఉంటుంది, బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. తాళం దూరంగా పెట్టమని చెప్పాల్సిన గడి కూడా మా కాగితంలో ఉంది. దానికీ నా టిక్కు ఉంది.

మర్నాడు పొద్దున్న ఆరు దాటింది. ఇంట్లో కాఫీ తాగుతున్నాను. ఫోన్ మోగింది.

"ఏవండీ, లేచారాండీ?"

"లేచానండి, చెప్పండి."

"కరెంటు పోయిందండి. చేప తేలిపోయిందండి. బ్యాటరీ చూస్తే కారు డిక్కీలో ఉండిపోయింది. కారు ఉలకట్లేదు, పలకట్లేదు. ఏ బటన్ నొక్కినా అంతేనండి. తలుపులూ రావట్లేదు."

"చుట్టుపక్కల ఇంకెవరి బ్యాటరీ లేదాండీ?"

"పక్క చెరువు మొన్నే పట్టుబడి అయి ఎండగట్టేశారండి. గట్టు మీద ఎవరూ లేరు. మనిషిని ఊళ్ళోకి పంపానుగానీ మూడు కిలోమీటర్ల బురదండి, రాత్రి వానకి బండి నడవదు." మళ్ళీ తనే అడిగాడు. "ఏవండీ, అద్దం పగలగొట్టేయనాండీ?"

ఇక్కడ నేను అన్న మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ముప్ఫై ఏళ్ళు బ్యాటరీలు మోసినవాణ్ణి. ఆ మనిషి చెరువు నాకు తెలుసు. కానీ ఆరేళ్ళుగా కంపెనీ నా చెవిలో ఊదింది ఒక్కటే, వారంటీ.

"వద్దు వద్దు, అద్దం ముట్టుకోకండి. పగిలితే రేపు కంపెనీ దేనికీ ఒప్పుకోదు. ఆగండి. మనవాళ్ళ చేత తెరిపిస్తాను."

"ఎంతసేపండీ?"

"అరగంట."

"అలాగేనండి" అని పెట్టేశాడు.

అరగంట అని ఎందుకన్నానో నాకే తెలియదు. ఏలూరు నుంచి అక్కడికి వానలో గంట పైన పడుతుంది. అసలు విషయం అది కాదు. బ్యాటరీ చచ్చిన ఆ కారు ఎలా తెరవాలో నాకు తెలియదు. వందల కాగితాల మీద 'చూపించాం' అని టిక్కు పెట్టిన మనిషిని, ఒక్కసారి కూడా చెయ్యి పెట్టి చూసుకోలేదు. చదువుకోలేదు. ఎవరినీ అడగలేదు. ఏం పనుంటుందిలే అనుకున్నాను.

హెల్ప్‌లైన్‌కి చేశాను. ముందు సంగీతం. తర్వాత ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. తర్వాత ఏదో దూరపు ఊళ్ళో కూర్చున్న ఒక అమ్మాయి, చాలా మర్యాదగా, "మీరు సురక్షితమైన చోట ఉన్నారా?" అని అడిగింది.

"నేను మా ఇంట్లో ఉన్నానమ్మా. చేపలు లేవు" అన్నాను.

"వాహనం ఉన్న చోటికి దగ్గరలో ప్రముఖమైన ప్రదేశం ఏదైనా చెప్పగలరా?"

"కొల్లేరు."

"అది ఏ రోడ్డులో ఉందండి?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొల్లేరు ఏ రోడ్డులో ఉందో చెప్పడానికి, ఛాసిస్ నంబరు వెతికి చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆవిడ ముందున్న గళ్ళు ఆవిడ నింపుకుంటోంది. నేను నింపినట్టే.

తర్వాత సర్వీస్ వ్యాను కోసం మేనేజరుకి చేశాను. నిద్ర గొంతుతో, "హెల్ప్‌లైన్ వాళ్ళ కేసు నంబరు వచ్చిందాండీ? నంబరు లేకుండా వ్యాను కదపకూడదు కదండీ, మీకు తెలియనిదేముంది" అన్నాడు. మా జిల్లాలో మెడ మీద కత్తి పెట్టేవాడు కూడా ముందు 'కాస్త తల వంచుతారాండీ' అనే అంటాడు.

అప్పుడు గుర్తొచ్చింది, మా స్పేర్ పార్టుల కౌంటర్‌లో ఉండే ఆవిడ. కామవరపుకోట నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆ ప్రయాణంలో ఊరికే కూర్చోకుండా కార్ల మాన్యువల్ పుస్తకాలు చదివేది. 'ఏం, పరీక్షలా' అని మేమంతా వేళాకోళం చేసేవాళ్ళం. ఫోన్ చేస్తే బస్టాపులో ఉంది. అడగ్గానే ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

"ఆ నల్ల తాళంలోపల ఇంకో ఇనప తాళం చెవి ఉంటుందండి. పక్కనున్న చిన్న నొక్కు జరిపితే ఊడొస్తుంది. డ్రైవరు తలుపు హ్యాండిల్ చివర కారు రంగులోనే చిన్న మూత ఉంటుంది, అది ఊడదీస్తే కన్నం కనబడుతుంది. తలుపు తీసి వెనక సీటు పడుకోబెడితే డిక్కీలోకి చెయ్యి పోతుందండి. డిక్కీ మూత లోపలివైపు నడిమధ్యలో చిన్న మీట ఉంటుంది, పక్కకి తోస్తే తెరుచుకుంటుంది."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. వెంటనే ఆయనకి చేశాను. స్విచ్ ఆఫ్. మళ్ళీ చేశాను. స్విచ్ ఆఫ్. రాత్రి నుంచి ఆ ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టే దిక్కు ఆ కారే కదా.

మోటార్ సైకిల్ తీసి బయల్దేరాను. వాన మొహం మీద కొడుతోంది, కళ్ళజోడు తుడుచుకోవడానికి మూడుచోట్ల ఆగాను. గట్టు మొదట్లో బండి పడేసి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. నేను చేరేసరికి ఎనిమిది కావస్తోంది.

ఆయనా, ఆవిడా నడుంలోతు నీళ్ళలో ఉన్నారు. ఆవిడతోపాటు ఊళ్ళోంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు కూడా దిగారు. కర్రలతో, చేటలతో, స్టీలు పళ్ళేలతో నీళ్ళను కొడుతున్నారు, కాస్త గాలి తగులుతుందేమోనని. చెరువు నిండా తెరుచుకున్న నోళ్ళు. గట్టు వారగా తెల్లటి పొట్టలు ఒకదాన్నొకటి రాసుకుంటూ తేలుతున్నాయి. బ్యాటరీ కోసం ఊళ్ళోకి పోయిన మనిషి దాన్ని మోసుకుంటూ ఇంకా బురదలోనే ఉన్నాడు. ఆవిడ నన్ను చూసింది కానీ కొట్టడం ఆపలేదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు లేవు, ఒట్టి పంతం ఉంది.

నేను షెడ్డులోకి వెళ్ళి మేకు మీద తాళం తీసుకున్నాను. నొక్కు జరిపాను. ఇనప తాళం చెవి ఊడొచ్చింది. మూత ఊడదీశాను. తలుపు తెరిచాను. సీటు పడుకోబెట్టి బ్యాటరీ బయటికి లాగాను. బిగించాం. జనరేటర్ ఒక్క తిప్పుకే అందుకుంది. చక్రాలు తిరిగాయి. నేను తాళం చేతిలోకి తీసుకున్న దగ్గర్నుంచి బ్యాటరీ బయటికి రావడానికి పట్టింది రెండు నిమిషాలు.

చెరువులో సగం పైగా అప్పటికే పోయింది. మిగిలిందీ నిలిచేది కాదని అక్కడున్న అందరికీ తెలుసు. ఒకసారి అంతగా అలిసిపోయిన చేప కోలుకోదు. మధ్యాహ్నానికి మిగతాదీ తేలింది.

ఆయన నీళ్ళు కారుతున్న చేతులతో నా ముందుకి వచ్చి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నాకు ఇంత కష్టం ఉండేది కాదు.

"పెద్ద సుత్తి తెచ్చి పక్కనే పెట్టుకున్నానండి" అన్నాడు. "మీరు ఆగమన్నారని ఆగానండి."

ఆ తర్వాత జరిగినదానికి నాకు మరీ మంట. కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వాహనాన్ని ఇంజను ఆపి ఎక్కువసేపు వాడడం వల్ల బ్యాటరీ దిగిపోయిందని, ఇది వాడుకదారు అజాగ్రత్త అని, తెరిచే పద్ధతి కారుతో ఇచ్చిన పుస్తకంలో స్పష్టంగా ఉందని, డెలివరీ రోజున సిబ్బంది వివరంగా చూపించారని, అందుకు వాడుకదారు సంతకం ఉందని. పుస్తకంలో ఉంది, నిజమే. ఆ పుస్తకం ఎక్కడుంది? కారు ముందు డాష్‌బోర్డు అరలో. తాళం పడిన కారు ఎలా తెరవాలో చెప్పే పుస్తకం, తాళం పడిన ఆ కారులోనే. ఈ ఉత్తరం రాసినవాడికి ఈపాటి ఆలోచన తట్టలేదా? తట్టే ఉంటుంది. తట్టనట్టు రాయడమే వాడి ఉద్యోగం.

వారం తర్వాత ఆవిడ మా షోరూముకి వచ్చింది. ఒక్కతే వచ్చింది, కారు తనే నడుపుకుంటూ. ఉత్తరం మడిచి చేతిలో పట్టుకుంది. మేనేజరు కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు. దేనికోసం వచ్చిందో అడక్కముందే, "పరిహారం మా చేతుల్లో లేదండి" అన్నాడు.

"అందుకు రాలేదండి" అంది ఆవిడ. "మా ఆయన అన్నం సహించి తినట్లేదండి. కారు వాడడం చేతకాక చెరువు చంపుకున్నానని అంటున్నాడు. ఊళ్ళోనూ అదే మాట. మీ కాయితంలోనూ అదే రాశారు. మీరు నిజంగా చూపించారేమో, మేవే చెవిన పెట్టలేదేమో. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను, నాకు గుర్తు లేదు. అది తెలుసుకుందావని వచ్చానండి."

మేనేజరు ఫైలు తెప్పించి కాగితం ఆవిడ ముందు పెట్టాడు. గడి మీద వేలు పెట్టి చూపించాడు. "ఇదిగోండి, చూపించినట్టు టిక్కుంది. ఇది మా అడ్వైజరుగారి సంతకం, ఇది మీవారి సంతకం. మేం అబద్ధం చెబుతామాండీ?"

ఆవిడ ఆ గడిలో రాసింది చదివింది. తర్వాత తలెత్తి నా వంక చూసింది.

"మీరు చూపించారాండీ?"

నాకు ఇంకా నాలుగు నెలల సర్వీసు ఉంది. మేనేజరు ముందు రోజే నన్ను గదిలోకి పిలిచి, కస్టమరుకి అన్నీ చూపించానని ఒక కాగితం రాసివ్వమన్నాడు. రేపిస్తానని తప్పించుకున్నాను. ఆ రేపు ఇప్పుడు నా ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది.

"లేదండి" అన్నాను. "మీకు ఎవరూ చూపించలేదు. ఆ టిక్కు నేను ముందు రోజు సాయంత్రమే పెట్టేశాను. అసలు ఆ పద్ధతి ఏమిటో అప్పటికి నాకే తెలియదు. అద్దం పగలగొట్టనా అని ఆయన అడిగారు. నేనే వద్దన్నాను. ఆయన తప్పు ఇసుమంత కూడా లేదండి."

"ఏవండీ, మీరు కాస్త ఆలోచించి మాట్లాడండి" అన్నాడు మేనేజరు, గొంతు పెంచకుండానే.

నేను జేబులో పెన్ను తీసి ఆ టిక్కు కొట్టేశాను. పక్కన 'చూపించలేదు' అని రాసి సంతకం పెట్టాను. మర్నాటి నుంచి నన్ను కస్టమర్ల దగ్గరికి పంపలేదు. స్టోర్ రూములో కూర్చోబెట్టారు, రిటైరయ్యేదాకా. దానికి నాకేం బాధ లేదు. నా బాధంతా ఒకటే, ఆ పెన్ను తీయడానికి నాకు ఒక చెరువు చచ్చిపోవాల్సి వచ్చింది.

ఆవిడ ఆ కాగితాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకుంది. లేచి నిలబడి, "ఇప్పుడు చూపించండి" అంది.

ఇద్దరం ఆవరణలోకి వెళ్ళాం. ఆవిడ కారుకి తాళం వేసింది. నేను చెయ్యి పెట్టలేదు, పక్కన నిలబడి చెబుతూ ఉన్నాను. ఆవిడే నొక్కు జరిపి లోపలి తాళం చెవి బయటికి లాగింది. హ్యాండిల్ చివర మూతని గోరుతో ఊడదీసింది. కన్నంలో పెట్టి తిప్పింది. తలుపు తెరుచుకుంది. వెనక సీటు పడుకోబెట్టి, మోకాళ్ళ మీద లోపలికి పాకి, చేత్తో తడిమి మీట పట్టుకుంది. పక్కకి తోసింది. డిక్కీ మూత టక్కుమని వదిలింది.

ఆవిడ దిగి వెనక్కి వచ్చి ఆ మూత పైకెత్తింది. ఖాళీ డిక్కీలోకి చూస్తూ నిలబడింది.

"ఇంతేనాండీ?" అంది.

"ఇంతేనండి" అన్నాను.

గట్టు మీద ఏడవని మనిషి, ఆ డిక్కీ అంచు రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది.